కదిలే పలకల చట్రం: ఒక పాఠం

మా కళాశాల సంచికను ఎడమ అట్టనుండి తెరచినవారికి తెలుగు విభాగపు మొదటి పుట కనిపించును. కుడి అట్టనుండి తెరచినవారికి ఉర్దూ విభాగపు మొదటి పుట కనిపించును. ఒకరికి మొదలైనది మరొకరికి చివర. అయినను ఇద్దరిలో ఎవ్వరికీ తాము వెనుకనుండి చదువుతున్నామన్న భావం కలుగదు. అచ్చు పుస్తకానికి రెండు అట్టలున్నవి గనుక ఈ సర్దుబాటు సులభమైనది. కంప్యూటరు తెరకు ఉన్నది ఒకే ముఖం. దానిపై తెలుగు చదివేవానికి మొదలు ఎక్కడ, ఉర్దూ చదివేవానికి మొదలు ఎక్కడ అన్న ప్రశ్న ఎదురైనప్పుడు మేము దానిని అల్పవిషయంగా భావించినాము. అది అల్పం కాదని తెలిసికొనుటకు ఒక విద్యాసంవత్సరం పట్టినది.

మేము నలుగురం కంప్యూటరు విద్యార్థులం. అందులో ఇద్దరిది మనుబోలు. గూడూరుకూ నెల్లూరుకూ నడుమ, జాతీయ రహదారిపైన, రైలుమార్గం ప్రక్కన ఉన్న ఈ ఊరినుండీ చుట్టుప్రక్కల పల్లెలనుండీ విద్యార్థులు బస్సులలో, రైళ్లలో కళాశాలకు వచ్చి పోవుచుందురు. గోడపై అంటించిన నోటీసును వారు కళాశాలకు వచ్చిననాడే చూడగలరు. సెలవులలో వెలువడిన నోటీసుకు సెలవులలోనే గడువు తీరిపోవుట కూడ కద్దు. అందుచేత చేతిఫోనులో చూడదగిన నోటీసు బోర్డు నొకదానిని తయారు చేయ సంకల్పించినాము. అందులో పరీక్షల పట్టిక ఒక పలక, గ్రంథాలయ వేళలు ఒక పలక, విద్యార్థి వేతనాల ప్రకటన ఒక పలక, ఉత్సవాల ఛాయాచిత్రం ఒక పలక. బోర్డు బాధ్యత వహించే గుమాస్తాగారు గాని, అధ్యాపకులు గాని ప్రోగ్రాము వ్రాయనవసరం లేకుండ పలకను వ్రేలితో పట్టి, ఈడ్చి, కావలసిన చోట వదలగలుగవలెను. మూల పట్టి లాగి పెద్దది చేయగలుగవలెను, చిన్నది చేయగలుగవలెను. ఇట్టి పలకను విడ్జెట్ అని, ఈడ్చి వదలే పద్ధతిని డ్రాగ్ అండ్ డ్రాప్ అని వ్యవహరింతురు. ఈ వ్యాసంలో మేము పలక అనియే వ్రాయుదుము.

తెరపైని వస్తువును చేతితో కదిలించవచ్చునన్న ఆలోచన క్రొత్తది కాదు. 1963లో ఐవాన్ సదర్లాండ్ అమెరికాలోని ఎంఐటీలో స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము నిర్మించి, కాంతికలంతో తెరపై గీతలు గీసి, జరిపి చూపినాడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బర్ట్ మౌస్‌ను సభాముఖంగా ప్రదర్శించినాడు. 1984లో వచ్చిన మాకింటోష్‌తో, బొమ్మను పట్టి ఈడ్చి చెత్తబుట్టలో వేయుట సామాన్యుల చేతికి అందినది. వెబ్ పుటలకు ఈ సదుపాయం 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 5 ద్వారా వచ్చి, తరువాత హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో చేరినది. 2017 మార్చి మాసంలో ప్రధాన బ్రౌజర్లు పలువాటిలో సీఎస్ఎస్ గ్రిడ్ ప్రవేశించుటతో గళ్ల చట్రం గీయుట మరింత తేలికైనది. గ్రిడ్‌స్టాక్ వంటి సిద్ధమైన లైబ్రరీలు కూడ ఉన్నవి. వాటిని తెచ్చుకొన్నచో పని త్వరగా ముగిసెడిది. మేము నేర్చుకొనదలచి మొదటినుండీ స్వయంగా వ్రాసినాము. కాలం వృథా చేసినామని మా అధ్యాపకులు ఇప్పటికీ అందురు. మేము మాత్రం అంగీకరింపము.

మడులు, గట్లు

నెల్లూరు సీమవారికి గళ్ల చట్రాన్ని వివరించుట కష్టం కాదు. వరిపొలం మడులుగా విభజింపబడి ఉండును. మడికీ మడికీ నడుమ గట్టు. గట్టుపై పైరు లేదు, కాని గట్టు లేనిదే మడిలో నీరు నిలువదు. మా బోర్డులో మడి అనగా గడి. గట్టు అనగా గడుల నడుమ విడిచిన ఖాళీ. ఖాళీ విడువనిచో పలకలు ఒకదానికొకటి అంటుకొని, ఏ అక్షరం ఏ నోటీసుకు చెందినదో తెలియకుండ పోవును. మేము 12 నిలువు వరుసలు ఏర్పరచుకొన్నాము. 12ను 2, 3, 4, 6 సంఖ్యలు నిశ్శేషంగా భాగించును గనుక సగం, మూడవ వంతు, పావు వెడల్పు గల పలకలన్నియు చక్కగా అమరును.

బోర్డు వెడల్పు 1200 పిక్సెళ్లు, గట్టు వెడల్పు 12 పిక్సెళ్లు అనుకొందము. 12 మడుల నడుమ గట్లు 11 మాత్రమే. 12 అని లెక్కించుట మా మొదటి పొరపాటు. దానివలన చివరి పలక బోర్డు అంచును చేరక ఎప్పుడూ కొద్దిగా లోపలనే నిలిచిపోయెడిది. 11 గట్లకు 132 పిక్సెళ్లు పోగా మిగిలినవి 1068. వాటిని 12చే భాగింపగా ఒక్కొక్క గడి వెడల్పు 89. ఒక గడి మొదలునుండి ప్రక్క గడి మొదలు వరకు గల దూరం 89, 12 కలిసి 101. దీనిని అడుగు అని పిలుతము. నాలుగు గడులను ఆక్రమించిన పలక వెడల్పు ఎంత? నాలుగు గడులకు 356, లోపలి మూడు గట్లకు 36, మొత్తం 392. పలక పరచుకొన్నప్పుడు తన లోపలి గట్లను తానే కలుపుకొనునని గమనింపవలెను. నిలువున గడి ఎత్తు 60, గట్టు 12. కావున నిలువు అడుగు 72.

ఇక ప్రతి పలకకూ మనం గుర్తుంచుకొనవలసినవి నాలుగే సంఖ్యలు. ఏ నిలువు వరుసలో మొదలగును, ఏ అడ్డు వరుసలో మొదలగును, వెడల్పు ఎన్ని గడులు, ఎత్తు ఎన్ని గడులు. ఇవి తప్ప మరేమియు దాచరాదు. మేము మొదట పిక్సెళ్లనే దాచినాము. ప్రయోగశాలలోని పెద్ద తెరపై ముచ్చటగా సర్దిన బోర్డు, మనుబోలు బస్సులో కూర్చుండి ఫోనులో చూచినప్పుడు కుడివైపు సగం తెరకు వెలుపలనే ఉండిపోయినది. పిక్సెలు అనునది ఆ ఒక్క తెరకు చెందిన కొలత. గడి సంఖ్య ఏ తెరకైనను చెల్లును.

పట్టుట, ఈడ్చుట, వదలుట

వ్రేలు తాకిన క్షణం, కదిలే క్షణాలు, ఎత్తిన క్షణం: ఈ మూడు వార్తలను బ్రౌజరు మనకు అందించును. పాత డ్రాగ్ అండ్ డ్రాప్ సదుపాయం ఒక ఫైలును ఒకచోటినుండి మరొకచోట చేర్చుటకు తగినదే గాని, వ్రేలి వెంట అడుగడుగునా లెక్క చూచుకొనుటకూ, మూల లాగుటకూ అనువైనది కాదు. కావున పాయింటర్ ఈవెంట్స్ అనే పద్ధతిని గ్రహించినాము. మౌస్, వ్రేలు, కలం మూడింటికీ అందులో ఒకే విధానం వర్తించును.

తాకగానే ఈడ్పు మొదలైనదని భావింపరాదు. చదువుటకు తాకినవాని వ్రేలు కూడ రెండు మూడు పిక్సెళ్లు వణకును. మేము 5 పిక్సెళ్లు దాటిన పిమ్మటనే దానిని ఈడ్పుగా లెక్కించినాము. పలక మొత్తం పిడి కారాదు. శీర్షిక ఉన్న పట్టీ మాత్రమే పిడి కావలెను. లేనిచో పుటను పైకి జరుపుకొనదలచినవాడు తెలియకుండనే పలకలను చెల్లాచెదరు చేయును. వేగంగా ఈడ్చినప్పుడు వ్రేలు పలకను దాటి ముందుకు పోవును. అప్పుడు కూడ వార్తలు ఆ పలకకే అందునట్లు బ్రౌజరును ముందుగానే ఆజ్ఞాపించవలెను.

వ్రేలు ప్రక్కకు 230 పిక్సెళ్లు కదలినదనుకొందము. అడుగు 101చే భాగింపగా 2.28, సమీప పూర్ణాంకం 2. కావున పలక రెండు గడులు జరుగును. 260 పిక్సెళ్లు కదలినచో 2.57, మూడు గడులు జరుగును. వచ్చిన స్థానం 1 కంటె తక్కువ గాని, పలక చివర 12వ వరుసను దాటునట్లు గాని ఉండరాదు. ఈ హద్దును సరిచూచిన తరువాతనే ముందుకు పోవలెను.

గడిగడికీ ఎగిరిపడే పలకను చూచుట కన్నులకు ఇంపుగా ఉండదు. అందుచేత పట్టుకొన్న పలక వ్రేలి వెంట తేలుచు పోవును; అది దిగబోయే గడులలో మాత్రం లేత రంగు నీడ ఒకటి కనిపించుచుండును. విజయవాడ, గూడూరుల నడుమ మూడవ రైలుమార్గం పనిలో భాగంగా గూడూరు, మనుబోలుల మధ్య రైలుపట్టాల మీదుగానే సాగే 2.2 కిలోమీటర్ల వంతెన నిర్మింపబడినది. క్రింది బండి ఆగనక్కరలేకుండ పైబండి పోవును. ఈడ్చబడే పలక కూడ అట్లే తక్కిన పలకల మీదుగా పోవును. క్రిందివారితో దానికి తగవు లేదు. తగవు వచ్చేది దిగునప్పుడే.

ఇక్కడ ఒక సూక్ష్మవిషయం ఉన్నది. మాకు వారం రోజులు నిద్ర లేకుండ చేసినది ఇదియే. పలక ఈడ్చబడుచున్నప్పుడు దాని నీడ తగిలిన పలకలు తాత్కాలికంగా ప్రక్కకు తొలగును. మా మొదటి ప్రోగ్రాము, తొలగిన స్థితినే క్రొత్త స్థితిగా స్వీకరించి, అక్కడనుండి తరువాతి అడుగును లెక్కించెడిది. ఫలితంగా, ఒక పలకను బోర్డు అంతటా త్రిప్పి తిరిగి మొదటి చోటికే తెచ్చి వదలినను, తక్కిన పలకలు మాత్రం ఎక్కడెక్కడో పడియుండెడివి. ఎవరూ ఏమియు మార్చలేదు, కాని అన్నియు మారిపోయినవి! దీనికి మందు ఒకటే. పట్టిన క్షణాన బోర్డు మొత్తం స్థితికి నకలు తీసికొనవలెను. ప్రతి అడుగులోను ఆ నకలునుండియే లెక్క మొదలు పెట్టవలెను. వదలినప్పుడు మాత్రమే ఫలితాన్ని ఖాయపరచవలెను. ఎస్కేప్ మీట నొక్కినచో నకలునే తిరిగి నిలుపవలెను. ఇట్లు చేసినచో, త్రోవలో ఎవరెవరిని తొలగించినను, తిరిగి వచ్చినవాడు తన చోట దిగగానే అందరూ తమ తమ చోట్లకు చేరుదురు.

మూల పట్టి లాగుటకు కూడ లెక్క దాదాపు ఇదియే. పలక వెడల్పు 450 పిక్సెళ్లకు లాగబడినదనుకొందము. దానికి ఒక గట్టు, అనగా 12, కలిపి 101చే భాగింపగా 4.57, సమీప పూర్ణాంకం 5 గడులు. గట్టును ఏల కలుపవలెనన్నచో, ప్రతి గడికీ ఒక గట్టు చొప్పున సరిపోవుటకు చివరి గడి వెంట లేని గట్టును మనం లెక్కకు తెచ్చుకొన్నామన్నమాట.

పెట్టె చిన్నదైనప్పుడు లోపలి వ్రాత ఏమగును? ఇది ఎంతమాత్రం అలక్ష్యం చేయరాని ప్రశ్న. తెలుగు వత్తులు పంక్తి క్రిందికి దిగును. ఉర్దూ నస్తాలీఖు వ్రాత ఏటవాలుగా జారుచు వచ్చును గనుక దానికి పంక్తికీ పంక్తికీ నడుమ ఇంకను ఎక్కువ చోటు కావలెను. ఇంగ్లీషు అక్షరాల కొలతతో ఎత్తును నిర్ణయించినచో తెలుగులో వత్తులు తెగును, ఉర్దూలో చుక్కలు తెగును. చుక్క తెగిన ఉర్దూ అక్షరం మరొక అక్షరమే యగును. అందుచేత మేము పంక్తి ఎత్తును అక్షరపు ఎత్తుకు తెలుగులో 1.6 రెట్లు, ఉర్దూలో 2.2 రెట్లు ఉంచి, ప్రతి పలకకూ కనీసపు వెడల్పును, కనీసపు ఎత్తును నిర్ణయించినాము. తెర వెడల్పును బట్టి గాక పలక వెడల్పును బట్టి లోపలి అమరిక మారేట్లు చేయుటకు కంటైనర్ క్వెరీస్ అనే సీఎస్ఎస్ సదుపాయం ఉన్నది. 2023 ఆరంభం నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిటిలోను అది చేరినది.

కుడినుండి మొదలయ్యే చట్రం

2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికారభాషగా గుర్తించే బిల్లును ఆమోదించినది. మా కళాశాలలో రెండు భాషలూ అంతకుముందునుండియే ఒకే కప్పు క్రింద ఉన్నవి. బోర్డును ఉర్దూలోకి మార్చే మీటను మేము ఎంతో ఉత్సాహంతో చేర్చినాము. అక్షరాలు మారినవి. చట్రం కూడ కుడినుండి మొదలైనది. ఏలననగా సీఎస్ఎస్ గ్రిడ్‌లో వరుసల సంఖ్యలు వ్రాత దిక్కును అనుసరించును. కుడినుండి ఎడమకు సాగే భాష అని పుటకు తెలిపినచో మొదటి గీత దానంతట అదే కుడి అంచుకు చేరును. అంతవరకు అంతయు సవ్యమే.

ఉర్దూ ఉపాధ్యాయులవారికి చూపినాము. వారు పరీక్షల పలకను పట్టి కుడివైపునకు ఈడ్చినారు. నీడ ఎడమవైపునకు పోయినది. వారు మరల ప్రయత్నించినారు, మరల అంతే. "ఏమి బాబూ, మీ పెట్టెకు ఉర్దూ రాదా?" అని నవ్వి, ఫోను మా చేతిలో పెట్టినారు. వారు నవ్వినారు గాని మాకు నవ్వు రాలేదు.

తప్పు ఎక్కడ? వ్రేలి స్థానాన్ని బ్రౌజరు ఎల్లప్పుడూ ఎడమ అంచునుండియే కొలుచును; దానికి భాషతో నిమిత్తం లేదు. మా వరుసల సంఖ్యలు మాత్రం ఉర్దూలో కుడినుండి పెరుగును. రెండు కొలతలనూ మేము విచారింపక కలిపివేసినాము. ఉర్దూ చట్రంలో అడ్డంగా కదలిన దూరాన్ని మైనస్ ఒకటిచే గుణించినంతనే దోషం తొలగినది. ఒక్క గుర్తు, ఒక్క పంక్తి! అయినను ఆ రాత్రి మేము ప్రోగ్రాము అంతటిని తిరిగి చదివి, "ఎడమ", "కుడి" అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నవో వెదకి, వాటిని తీసివేసి "ఆది", "అంతం" అని మార్చినాము. మూల పిడి కూడ తెలుగులో క్రింది కుడిమూల, ఉర్దూలో క్రింది ఎడమమూల. రెండింటికీ పేరు ఒకటే, అంతపు మూల. మూడవ వరుసలో మొదలయ్యే పలక తెలుగులో ఎడమ అంచుకు 202 పిక్సెళ్ల దూరాన, ఉర్దూలో కుడి అంచుకు అంతే దూరాన నిలుచును. దాచిన సంఖ్య మాత్రం 3 యే. ఒకే అమరిక ఇద్దరికీ చెల్లినది. ఇద్దరిలో ఎవ్వరూ వెనుకనుండి చదువనక్కరలేకపోయినది.

ఎవరు జరుగవలెను?

ఇప్పుడు తగవుల మాటకు వత్తము. రెండు పలకలు ఒకే గడిని కోరినప్పుడు ఏమి చేయవలెను? మొదట తగవు ఉన్నదా లేదా అని తేల్చుకొనవలెను. ఒకదాని మొదలు రెండవదాని చివరకు ముందును, రెండవదాని మొదలు మొదటిదాని చివరకు ముందును ఉండవలెను. ఇది అడ్డంగాను నిలువుగాను నిజమైనప్పుడే తగవు. చివర అనగా మొదలుకు వెడల్పును కలుపగా వచ్చే సంఖ్య. 5వ వరుసలో మొదలై 4 గడులున్న పలక చివర 9. ప్రక్క పలక 9లో మొదలైనచో తగవు లేదు. 9 కంటె 9 తక్కువ కాదు గదా. ఇక్కడ "తక్కువ లేక సమానం" అని వ్రాసినచో అసలు తగవే లేని ఇరుగుపొరుగు కూడ తగవులాడుకొందురు.

తగవు తేలిన తరువాత, వినియోగదారుడు పట్టుకొన్న పలక నిలుచును. దాని క్రింద పడినది క్రిందికి తొలగును. తొలగినది మరొకదానికి తగిలినచో అదియు క్రిందికి తొలగును. అందరూ కుదుటపడిన పిమ్మట, పై వరుసనుండి మొదలుపెట్టి ఒక్కొక్క పలకను అడ్డు తగిలేవరకు పైకి జరుపవలెను. లేనిచో బోర్డు నడుమ పైరు లేని మడులవలె ఖాళీలు మిగిలిపోవును. ఫోనులో మాత్రం నిలువు వరుస ఒకటే ఉండును; అక్కడ పలకలు వరుస సంఖ్యను బట్టి, వరుస ఒకటే అయినచో ఆదిని బట్టి, ఒకదాని క్రింద ఒకటి పేర్చబడును.

ఈ నియమాలు చూచుటకు న్యాయంగానే ఉన్నవి. మేమును అట్లే భావించినాము. వార్షికోత్సవం ముగిసిన వారంలో ఉత్సవ ఛాయాచిత్రాన్ని పైన పెట్టవలసినదిగా కోరిక వచ్చినది. అది సహజమైన కోరికయే. తప్పు కోరినవారిది కాదు. మేమే ఆ పలకను మొదటి వరుసకు ఈడ్చి, 12 గడుల వెడల్పు, 5 గడుల ఎత్తు చేసినాము. తక్కినవన్నియు నియమం ప్రకారం ఆరవ వరుసకు తొలగినవి. ప్రయోగశాల తెరపై విద్యార్థి వేతనాల పలక 360 పిక్సెళ్ల క్రింద స్పష్టంగా కనబడుచునే యున్నది. ఫోనులో లెక్క వేరు. ఛాయాచిత్రం 5 గడులు, పరీక్షల పట్టిక 3, గ్రంథాలయం 2. మొత్తం 10 గడులు దాటిన పిమ్మట, అనగా 720 పిక్సెళ్ల క్రింద వేతనాల ప్రకటన. బోర్డు తెరచినవారికి మొదటి చూపులో కనబడేది ఛాయాచిత్రం, ఒక పట్టిక. అంతే.

మనుబోలు వైపు పల్లెనుండి వచ్చే ఒక చెల్లెలు తండ్రి ఫోనులో ప్రతిరోజూ సాయంకాలం బోర్డు తెరచి చూచినది. అదే బొమ్మ ఉన్నది గనుక క్రొత్తది ఏమియు లేదనుకొని మూసివేసినది. గడువు తీరిన మరునాడు కళాశాలలో మా వద్దకు వచ్చి, "భాయ్, బోర్డులో పెట్టామన్నారు గదా, యాడ పెట్టారు?" అని అడిగినది. మేము ఫోను తీసి, వ్రేలితో క్రిందికి జరిపి చూపినాము. ఆమె ఏమియు అనలేదు. ఆ సంవత్సరం ఆ వేతనం ఆమెకు అందలేదు. మా ప్రోగ్రాములో ఏ పంక్తిలోను దోషం లేదు; నియమంలోనే దోషమున్నది. పట్టుకొన్నవానిది నిలుచును, తక్కినవారిది తొలగును అని మేము వ్రాసినాము. నోటీసును చదువవలసినవారు పలకను ఎన్నడూ పట్టుకొనరన్న సంగతి మాకు తోచలేదు.

అప్పుడు మేళ్లబంధనం అనే ఏర్పాటును చేర్చినాము. మేకు వేసిన పలక కదలదు. దానిపై దిగబోయిన పలకయే దాని క్రింది వరుసకు తొలగవలెను. చెన్నైలో 1927లో స్థాపితమై, కాతిబుల చేతివ్రాతతో వెలువడుచు వచ్చిన ది ముసల్మాన్ అనే ఉర్దూ దినపత్రిక గూర్చి మా ఉర్దూ ఉపాధ్యాయులు చెప్పినారు. పుట వ్రాత పూర్తి కావచ్చిన తరువాత కూడ, ఆలస్యంగా వచ్చే ముఖ్యవార్త కొరకు మొదటి పుటలో ఒక మూలను ఖాళీగా ఉంచే ఆచారం అక్కడ ఉండెడిది. చేతితో వ్రాసిన పుటలో ఒకసారి నిండిన చోటును తిరిగి ఖాళీ చేయుట దుర్లభం గదా. ముఖ్యమైనదానికి చోటు ముందుగానే కేటాయించవలెనన్న ఆ యుక్తిని మేము అక్కడినుండియే గ్రహించినాము.

అయితే అందరూ తమ తమ పలకలకు మేకులు వేయనారంభించినచో చట్రం రాతిగోడ యగును. ఈడ్చుటకు ఏమియు మిగులదు. అందుచేత ఒక నిబంధన విధించినాము. మేకు వేయదలచినవారు చివరితేదీని కూడ వ్రాయవలెను. ఆ తేదీ దాటగానే మేకు దానంతట అదే ఊడిపోవును. చివరితేదీ లేని పలకకు మేకు లేదు. ఉత్సవ ఛాయాచిత్రానికి చివరితేదీ ఏమి వ్రాయవలెనో ఇంతవరకు ఎవరికీ తోచలేదు.

ఈడ్చలేనివారి మాట కూడ చెప్పవలెను. చేయి వణకేవారు, పగిలిన తెర గలవారు, తెరను చదివి వినిపించే ప్రోగ్రాముతో పనిచేసే అంధులు పలకను పట్టి లాగలేరు. 2023 అక్టోబరులో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం, ఈడ్చి చేసే పనికి, ఈడ్పు అనివార్యమైనచోట తప్ప, ఈడ్చకుండ చేసే మార్గం కూడ ఉండవలెనని, తాకవలసిన గురుతు సాధారణంగా 24 పిక్సెళ్ల చదరానికి తగ్గరాదని నిర్దేశించినది. మేము ప్రతి పలక శీర్షికలో ఒక చిన్న మీట నుంచినాము. దానిని తాకినచో "ఆదివైపు, అంతంవైపు, పైకి, క్రిందికి, పెద్దది, చిన్నది" అన్న మాటలు వచ్చును. కీబోర్డులో ఎంటరుతో పట్టి, బాణపు మీటలతో జరిపి, మరల ఎంటరుతో వదలవచ్చును. నిజం చెప్పవలెనన్నచో గుమాస్తాగారు కూడ ఈడ్పును విడిచి ఈ మీటలనే వాడుచున్నారు.

దీనికి సంబంధించినదే మరొకటి. చట్రంలో పలక చోటు మార్చినంతమాత్రాన పుట మూలవ్రాతలో దాని క్రమం మారదు. కంటితో చూచేవారికి మొదట ఉన్న పలక, చెవితో వినేవారికి చివర వినిపించవచ్చును. కావున వదలిన ప్రతిసారి పలకలను వరుసను బట్టి, ఆదిని బట్టి మూలవ్రాతలో కూడ తిరిగి పేర్చవలెను. ఇది చేయనిచో ఫోనులోని ఏకవరుస కూడ తారుమారగును.

భద్రపరచుట గూర్చి విశేషించి చెప్పవలసినది లేదు. ఈడ్చుచున్నంతసేపు ఏమియు దాచక, వదలినప్పుడు ఒకేసారి పలకల పేర్లను, వాటి నాలుగేసి సంఖ్యలను, మేకు తేదీలను జేసన్ రూపంలో దాచినాము. దానికి ఒక కూర్పు సంఖ్య కూడ జోడించినాము. ఇద్దరు ఒకే సమయంలో బోర్డును సర్దినచో, పాత కూర్పు సంఖ్యతో వచ్చిన రెండవవారి అమరికను అంగీకరింపక, క్రొత్త బోర్డును వారికి చూపి మరల సర్దుకొనుమని కోరును.

ఈ వ్యాసం వ్రాయునాటికి బోర్డులో విద్యార్థి వేతనాల పలక సంఖ్యలు ఇవి: ఆది 1, వరుస 1, వెడల్పు 6, ఎత్తు 3, మేకు ఉన్నది. దాని ప్రక్కన 7వ వరుసనుండి అదే కొలతతో పరీక్షల పట్టిక. ఛాయాచిత్రం నాలుగవ అడ్డు వరుసలో మొదలై, మునుపటివలెనే 12 గడుల నిండుగా ఉన్నది.